చావింట్లో చెప్పకూడని మాట

నవాల్ నా ఫోన్ ఎత్తక ఆ బుధవారానికి తొమ్మిది రోజులు. మొదటి రెండు రోజులూ పిల్లల పనిలో పడి చూసుకోలేదేమో అనుకున్నాను. నాలుగో రోజుకి నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇంత చేస్తే ఇదా మర్యాద? ఇక చచ్చినా చెయ్యను" అని సింకులో గిన్నెల మీద అరిచి, గంట తిరక్కుండానే మళ్ళీ చేశాను. నాకు కోపం ముందొస్తుంది, బుద్ధి తర్వాత తీరిగ్గా వస్తుంది. ఈ సంగతి మా ఆయన పెళ్ళైన నెల్లోనే కనిపెట్టారు.

ఆ బుధవారం మధ్యాహ్నం నోరీన్ ఫోన్ చేసింది. నోరీన్ రిటైరైన బడి టీచరు. మా ఊరికి వచ్చే శరణార్థి కుటుంబాలకు ఊళ్ళో ఒక్కో కుటుంబాన్ని జత చేసే చిన్న సంఘాన్ని ఆవిడే నడుపుతుంది.

"నవాల్ నీకేమైనా చెప్పిందా?" అంది.

"నాకా? నా ఫోనే ఎత్తట్లేదు మహాతల్లి" అన్నాను.

"శుక్రవారం పొద్దున పది గంటల బస్సుకి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతోంది. డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో ఎవరో వరసకి అక్క ఉందట. రెండు గదుల ఫ్లాటు, ఇప్పటికే ఆరుగురున్నారు. ఇక్కడి ఇంటి తాళాలు నా చేతికిస్తానంది. కౌన్సిల్‌కి అప్పగించెయ్యమంది."

కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఇల్లు వదులుకోవడమంటే ఏమిటో ఇక్కడ ఉండేవాళ్ళందరికీ తెలుసు. వదిలాక మళ్ళీ లైన్లో నిలబడితే పిల్లలు పెళ్ళీడుకొచ్చినా దొరకదు. లెబనాన్‌లో గుడారంలో ఐదేళ్ళు, ఇక్కడికొచ్చాక క్యాంపులో ఏడాది ఉండి సంపాదించుకున్న ఇల్లది. ముందు వాకిలి, వెనక పెరడు, మేడ మీద రెండు గదులు. తాళాలు చేతికొచ్చిన రోజు నవాల్ ప్రతి గదికీ వెళ్ళి తలుపు వేసి, మళ్ళీ తీసి చూసుకుంది.

"ఎందుకట?" అన్నాను.

"'ఇక్కడ నాకెవరూ లేరు' అంది. అంతకన్నా చెప్పలేదు" అంది నోరీన్. నేనుండగా ఎవరూ లేరా అని నాకు మళ్ళీ మండింది. ఫోన్ పెట్టేశాక ఆ మాటే పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

మాది తెనాలి. మా ఆయన పురుషోత్తం లెటర్‌కెన్నీ పెద్దాసుపత్రిలో డాక్టరు. వచ్చి పదకొండేళ్ళయింది. మా అమ్మాయి చరితకి పద్నాలుగేళ్ళు, దానికి తెలుగంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం డొనెగాల్ యాసలో ఇంగ్లీషే. రెండేళ్ళ కిందట నోరీన్ వచ్చి "మీ పని స్నేహం చెయ్యడమే" అన్నప్పుడు నేను నవ్వాను. స్నేహం కూడా ఫారం నింపి చేస్తారా? సరే, చూద్దాం అని సంతకం పెట్టాను.

మొదటిరోజు నవాల్ ఇంటికి వెళితే చిన్న వంకాయల్లో అక్రోటు గింజలు కూరి, నూనెలో ఊరబెట్టింది తెచ్చి ముందు పెట్టింది. గుత్తి వంకాయ ఇలాక్కాదే పిచ్చిమొహమా అని మర్నాడు మా వంకాయ చేసి పట్టుకెళ్ళాను. తను తిని, కళ్ళలోంచి నీళ్ళు కార్చుకుంటూ, తనదే బాగుందని సైగ చేసింది. అలా మొదలైంది. ఇద్దరికీ భాష లేదు. తన కూతురు రహాఫ్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు, బళ్ళో ఇంగ్లీషు ఇట్టే పట్టేసింది, మా మధ్య దుబాసీ అదే. నవాల్ నన్ను పేరు పెట్టి పిలవదు. వాళ్ళ వైపు ఆడవాళ్ళని పెద్దబిడ్డ పేరుతో పిలుస్తారట, నన్ను 'ఉమ్ చరిత' అంటుంది. మా తెనాలిలో కూడా నన్ను చరిత వాళ్ళమ్మ అనేవాళ్ళు కాబట్టి ఆ పిలుపు నాకు పుట్టింటి పిలుపులానే ఉండేది.

ఆమె భర్త ఫాదీకి వాళ్ళ ఊరు హోమ్స్‌లో రొట్టెల కొట్టుండేది. ఇక్కడ ఒక సూపర్‌మార్కెట్ బేకరీలో కుదిరాడు. మనిషి నెమ్మది. ఇరవై ఇరవై క్రిస్మస్ వెళ్ళాక ఇంటిల్లిపాదికీ కోవిడ్ వచ్చింది. మిగిలినవాళ్ళకి జలుబుతో పోయింది. ఫాదీని అంబులెన్సులో తీసుకెళ్ళారు, తొమ్మిదో రోజు పోయాడు. మా ఆయన అదే ఆసుపత్రిలో కోవిడ్ వార్డులో చేస్తున్నా నాకొక్క ముక్క చెప్పలేదు, పేషెంట్ల సంగతి ఇంట్లో ఎత్తరు. నాకు రహాఫ్ చెప్పింది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి దుబాసీని లైన్లోకి తెచ్చేలోపే కంగారులో నవాల్ ఫోను కూతురి చేతికిచ్చిందట. వాళ్ళ నాన్న పోయాడన్న మాట వాళ్ళమ్మకి అరబీలో చెప్పింది ఆ పదకొండేళ్ళ పిల్లే.

ఖననం డబ్లిన్ దగ్గర ముస్లింల స్మశానంలో చేశారు. మూడు గంటల దూరం. నవాల్‌కి అప్పటికింకా క్వారంటైన్ గడువు తీరలేదు, ఇల్లు కదలకూడదు. ఫోన్లో చూసింది.

జనవరి నెలాఖరున ఆ గడువు తీరింది. దేశమంతా తలుపులు మూసుకునే ఉంది, ఎవరింటికీ ఎవరూ వెళ్ళకూడదు, ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. కానీ ఒంటరిగా పిల్లల్ని పెంచేవాళ్ళు మరొక్క ఇంటితో మాత్రం కలిసి మెలగొచ్చని వెసులుబాటిచ్చారు. 'సపోర్ట్ బబుల్' అంటారు దాన్ని. ఒక్క ఇల్లే. నవాల్ నా ఇల్లు చెప్పింది. డాక్టరింటితో పెట్టుకోవడం ప్రమాదమని నోరీన్ అంటే, "మాకు వచ్చి పోయింది" అందట.

గడువు తీరాక వచ్చిన సోమవారం వెళ్ళాను. తలుపు తీసేసరికి ఏం చూశాననుకున్నారు? ముందు గదిలో ఉన్న కుర్చీలన్నీ గోడ వెంట వరసగా వేసి ఉన్నాయి. సోఫా, నాలుగు భోజనాల కుర్చీలు, పిల్లల ప్లాస్టిక్ స్టూళ్ళు రెండు, చివర బోర్లించిన బకెట్టు మీద కూడా గుడ్డ పరిచి ఉంది. మధ్యలో పళ్ళెంలో కాఫీ పాత్ర, చిన్న చిన్న కప్పులు ఓ డజను. వచ్చింది నేనొక్కదాన్ని. నవాల్ నల్ల స్కార్ఫ్ కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నేను కావిలించుకుని ఏడ్చాను. తను ఏడవలేదు.

కాఫీ పోసి ఇచ్చింది. వద్దని చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాను. ఇంకోసారి ఇచ్చింది. "ఇది బాబా కోసం అంటోంది మమ్మీ" అంది రహాఫ్. "ఇప్పుడు కాదమ్మా" అన్నాను. మేము చావింట్లో పచ్చి గంగ ముట్టం. గంటసేపు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తర్వాత లేచి, ఒక్క మాట మాట్లాడకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి ఎవర్నీ తాకకుండా తలారా స్నానం చేశాను.

పరామర్శకి వెళ్ళిన మనిషి అంతకన్నా పద్ధతిగా ఎలా ఉంటుంది? ఆరేళ్ళప్పుడు పక్కింటి తాతయ్య పోతే మా అమ్మమ్మ వెంట వెళ్ళి, లేచేటప్పుడు ముద్దుగా "వెళ్ళొస్తామండీ" అన్నాను. అమ్మమ్మ వీధిలోకి రాగానే మూతి మీద ఒక్కటిచ్చింది. చావింట్లో ఆ మాట అనకూడదు. అంటే మళ్ళీ అలాంటి పని మీదే రావలసి వస్తుంది. అప్పట్నుంచీ నేను తప్పలేదు.

నోరీన్ ఫోన్ చేసిన ఆ బుధవారం సాయంత్రం చరిత బడి ఆన్‌లైన్ క్లాసు ముగించుకుని కిందికి దిగింది. నేను నవాల్‌ని దుమ్మెత్తిపోస్తున్నాను. అది కాసేపు విని, "రహాఫ్ టోల్డ్ మి, మమ్" అంది.

"ఏం చెప్పింది?"

"వాళ్ళకి నువ్వు భయపడ్డావని ఆంటీ అనుకుంటోందట. కాఫీ తాగలేదు, లేచి నడిచి వెళ్ళిపోయావు. యు నెవర్ ఈవెన్ సెడ్ బై."

"చెప్పకూడదే! చావింట్లో చెప్పకూడదు. ఎవర్నైనా అడుగు!"

"హౌ వుడ్ షీ నో దాట్?" అంది చరిత.

నాకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిది రోజులు ఆవిడ మర్యాద గురించి అరిచాను గానీ, నా మర్యాద ఆవిడకెలా కనిపించిందో ఒక్కసారైనా ఆలోచించానా? ఆవిడ కళ్ళతో చూస్తే, వైరస్‌కి జడిసి కప్పు ముట్టక, మొహం చూడ్డానికి కూడా ఇష్టం లేక పారిపోయిన మనిషిని నేను. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ఆయన ఆసుపత్రి నుంచి రాగానే చెప్పాను. మొహం నిండా మాస్కు ఒరిపిళ్ళతో, బూట్లు విప్పుకుంటూ విన్నారు.

"ఒక్క మాటే కదా వాణీ. వెళ్ళి చెప్పెయ్" అన్నారు.

"మీకేం, డాక్టర్లు. మీకు పట్టింపులుండవు."

"వార్డులోంచి బయటికొచ్చే ప్రతిసారీ వస్తానమ్మా, వస్తానయ్యా అనే చెప్తాను. వాళ్ళు దానికోసం చూస్తుంటారు" అన్నారు.

ఆయనకి తెలీదు నా భయం ఎవరి గురించో. రోజూ ఆ వార్డుకెళ్ళేది ఎవరు? టీకా మొదటి డోసు పడి మూడు వారాలైనా కాలేదు. చావింట్లో నిలబడి మళ్ళీ వస్తానని నోరారా అంటే, ఆ వచ్చేది ఎవరి గుమ్మంలోకి?

గురువారం పొద్దున్నే బయల్దేరాను. మా ఇంటికీ వాళ్ళింటికీ కిలోమీటరున్నర. బెల్లు కొట్టాను. తలుపు కొట్టాను. పరదా కదిలింది గానీ తలుపు తీయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్తరాలు వేసే కంతలోంచి "రహాఫ్" అని పిలిచాను. పక్కింటావిడ కిటికీలోంచి చూస్తోంది. చూడనీ, నాకేం సిగ్గు.

కంతకి అవతల ఆ పిల్ల కళ్ళు కనిపించాయి. వెనక నడవాలో రెండు సూట్‌కేసులు కూడా కనిపించాయి.

"మమ్మీ పడుకుంది ఆంటీ" అంది ఇంగ్లీషులో.

"అబద్ధం చెప్పకు. పక్కనే ఉంది. నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు. నేను మీకు భయపడలేదు. మా వైపు ఎవరైనా పోయిన ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగం. వెళ్ళేటప్పుడు మళ్ళీ వస్తామని చెప్పం. అది మా పద్ధతి. మీ మమ్మీకి ఆ సంగతి తెలీదన్న బుద్ధి నాకు లేకపోయింది. తప్పు నాది. చెప్పు."

రహాఫ్ చెప్పింది. తర్వాత నవాల్ గొంతు, మెల్లగా. రహాఫ్ ఇటు తిరిగి, "చెబితే ఏమవుతుందని అడుగుతోంది" అంది.

"మళ్ళీ చావు పని మీదే రావాల్సి వస్తుందంటారు."

"ఎవరింటికి, అంటోంది."

"మీ ఇంటికి. లేదా మా ఇంటికే అది రావొచ్చు" అన్నాను.

తలుపు తెరుచుకుంది. నవాల్ సగానికి సగం అయిపోయింది. లోపల కుర్చీలు అలాగే గోడ వెంటే ఉన్నాయి, బకెట్టు కూడా. పది రోజులుగా తీయలేదు. నేను సోఫాలో కూర్చున్నాను. తను నా ఎదురుగా నిలబడే మాట్లాడింది. రహాఫ్ మధ్యలో నిలబడి ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది.

"హోమ్స్‌లో మా మామగారు పోతే వీధి చివరిదాకా కుర్చీలు వేశారు. మూడు రోజులు జనం. వచ్చిన ప్రతివాళ్ళూ చేదు కాఫీ ఒక కప్పు తాగి, ఆయన గురించి ఒక మంచి మాట చెప్పి వెళ్ళారు. ఫాదీకి ఎవరూ రాలేదు. నువ్వొచ్చావు. మూడు రోజుల జనమూ నువ్వొక్కదానివే. ఆ జనం కాఫీ తాగలేదు. ఫాదీ మంచివాడని అనలేదు. నా మొహం చూడకుండా వెళ్ళిపోయారు."

నాకు కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి కూడా రాలేదు.

"అంబులెన్సు వచ్చినప్పుడు కూడా అంతే. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆయన మొహానికి మాస్కు పెట్టారు. ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు."

రహాఫ్ ఆ వాక్యం సగంలో ఆగి, మళ్ళీ అందుకుని పూర్తి చేసింది. అంత చిన్నపిల్ల అన్నేసి మాటలు మోస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. దాన్ని దగ్గరికి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"కాఫీ ఉందా?" అన్నాను.

నవాల్ లోపలికి వెళ్ళింది. కాచి తెచ్చింది. కప్పు అందుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక చావింట్లో నేను తాగిన మొదటి గుక్క అది. వేపాకు నమిలినట్టుంది. మొత్తం తాగాను. "మేం మీ ఇంటికెప్పుడొచ్చినా ఫాదీ చరిత కోసమని ఒక రొట్టె విడిగా కాల్చేవాడు, ఉప్పు తక్కువ వేసి. అది అడిగింది ఒకే ఒక్కసారి. ఆయన మర్చిపోలేదు" అన్నాను. రహాఫ్ చెప్పింది. అప్పుడు నవాల్ ఏడ్చింది. అబ్బ, ఏం ఏడుపది! మేడ మీద నిద్రపోతున్న చిన్నకూతురు లిన్ కూడా లేచి ఏడుపందుకుంది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది నవాల్. చేతులు కట్టుకుని నిలబడింది. నాకు తెలుసు దేనికోసం నిలబడిందో. మా ఆయన ఆ వేళప్పుడు వార్డులో ఉంటారు. అమ్మమ్మ చెయ్యి గాల్లోకి లేచినట్టే ఉంది.

"వెళ్ళొస్తాను" అన్నాను తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో కూడా అన్నాను.

"ఎప్పుడు?" అంది. ఆ ఒక్క మాటకీ తనకి దుబాసీ అక్కర్లేకపోయింది.

"రేపు. పదకొండింటికి."

బస్సు పదింటికని నాకు తెలుసు. నాకు తెలుసని తనకి అప్పుడు తెలిసింది. సూట్‌కేసుల వైపు చూసింది, నా వైపు చూసింది. తలుపు వేసుకుంది.

సాయంత్రం ఆరింటికి ఆయన వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి, "దగ్గరికి రాకు వాణీ. ఒళ్ళు వెచ్చగా ఉంది. టెస్టుకిచ్చే వచ్చాను" అన్నారు.

నోటి వెంట ఆ మాట వచ్చి ఎనిమిది గంటలైనా కాలేదే! ఆయన నెమ్మదిగా మెట్లెక్కి మేడ మీద గదిలో తలుపేసుకున్నారు. నేను కింద మెట్టు మీద కూలబడి నా మూతి మీద నేనే కొట్టుకున్నాను. చరిత వచ్చి నా చెయ్యి పట్టుకుని, నాన్నకి అది ఒంట్లో చేరి రోజులై ఉంటుందని, నేను ఎవరితోనో ఏదో అన్నందుకు రాదని, పాఠం చెప్పినట్టు చెప్పింది. అది చెప్పేది నిజమని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? అబద్ధమెందుకు, ఆ పూట నాకు నవాల్ మీద కూడా కోపం వచ్చింది. నా చేత ఆ మాట అనిపించిందని.

ఇంకో సంగతి తర్వాత తట్టింది. ఇంట్లో ఒకరికి లక్షణాలుంటే మిగిలిన వాళ్ళు గడప దాటకూడదు. రేపు పదకొండింటికి నేనెలా వెళతాను? వస్తానని చెప్పి రాని మనిషిని అవుతాను. అది చెప్పకుండా పోవడం కన్నా ఘోరం. నవాల్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చరిత రహాఫ్‌కి మెసేజి పెట్టింది, నాన్నకి జ్వరమని, రేపు అమ్మ రాలేదని, వెళ్ళిపోవద్దని. అవతల ఫోన్ ఆపేసి ఉన్నట్టుంది, మెసేజి చేరనే లేదు.

మర్నాడు ఎనిమిదింటికి చేరింది. చదివారు కూడా. జవాబు లేదు.

తొమ్మిదిన్నరకి కిటికీ దగ్గర నిలబడ్డాను. పదయింది. బస్టాండు మా ఇంటికి కనిపించదు గానీ, ఆ బస్సు కదిలినట్టు, ఆ పెద్ద సూట్‌కేసులు దాని పొట్టలో వేసినట్టు, చిన్నది అద్దానికి ముక్కు ఆనించినట్టు నాకంతా కనిపించింది. పోనీలే, అక్కడైనా నలుగురుంటారు అనుకుని చూశాను. మనసు ఒప్పుకోలేదు. ఆయన గదిలోంచి దగ్గు వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది. హమ్మయ్య, కళ్ళు మూతపడ్డాయి అనుకుని మేడ మీద చప్పుడు చెయ్యకు అని చరితకి చెప్పాను.

పదకొండింటికి మా ప్రహరీ అవతల ముగ్గురు మనుషులు వచ్చి నిలబడ్డారు. తోపుడు బండిలో లిన్, పక్కన రహాఫ్, వెనక నవాల్. సూట్‌కేసులు లేవు.

చరిత కెవ్వుమని కేకపెట్టింది. నా ఫోన్ మోగింది. కిటికీ అవతల నవాల్ ఫోన్ స్పీకర్లో పెట్టి రహాఫ్ మొహం ముందు పట్టుకుంది.

"మీరు రాలేరు కాబట్టి మేమే వచ్చామని మమ్మీ చెప్పమంది" అంది రహాఫ్. "అంకుల్‌కి ఎలా ఉంది?"

"పడుకున్నారమ్మా. రాత్రంతా దగ్గు. ఇప్పుడే నిద్ర పట్టింది. నేనింకా లేపలేదు" అన్నాను.

రహాఫ్ అది అరబీలో చెప్పింది. నవాల్ మొహం మారిపోయింది. గబగబా ఏదో అంది. రహాఫ్ వాళ్ళమ్మ వంక చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ పిల్ల మొదటిసారి వాళ్ళమ్మ మాట నాకు ఇంగ్లీషులో చెప్పలేదు.

నవాల్ స్పీకరు ఆపి, ఫోన్ చెవికి పెట్టుకుని, పిల్లలకి నాలుగడుగులు దూరంగా జరిగింది. తనకొచ్చిన ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలే ఏరుకుంటూ తనే మాట్లాడింది.

"ఉమ్ చరిత. ఫాదీ దగ్గు, దగ్గు. తర్వాత నిద్ర. నాకు సంతోషం. పిల్లలకి చెప్పాను, చప్పుడు వద్దు, బాబా నిద్ర. లేపలేదు. రాత్రి మొత్తం లేపలేదు. పొద్దున పెదాలు నీలం." ఊపిరి పీల్చుకుంది. "రహాఫ్‌కి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నువ్వు వెళ్ళు. లేపు."

ఫోన్ అక్కడే పడేసి పరిగెత్తాను. మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. తలుపు తోసుకుని వెళ్ళి "ఏవండీ, ఏవండీ" అని భుజం పట్టి ఊపాను, మాస్కూ లేదు గీస్కూ లేదు. ఆయన ఉలిక్కిపడి లేచి, "ఏంటే, ఇప్పుడే కదా కన్నంటుకుంది" అని విసుక్కున్నారు. ఆ విసుగు విని నేను గోడకి చేరబడిపోయాను. వేలికి ఆక్సిజన్ చూసే మిషను పెట్టుకోమన్నాను. తొంభై నాలుగు చూపించింది. ఆయన దాన్ని కాసేపు చూసుకుని, "రెండు గంటలకోసారి చూద్దాం. తొంభై రెండుకి వస్తే ఫోన్ చెయ్" అన్నారు, డాక్టరు గొంతుతో.

కిందికొచ్చి కిటికీ ముందు నిలబడ్డాను. తొమ్మిది వేళ్ళు చూపించి, తర్వాత నాలుగు చూపించాను. రెండు గంటలయ్యాక మళ్ళీ చూస్తామని మణికట్టు మీద తట్టి రెండు వేళ్ళెత్తాను. నవాల్ పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకుంది. తల ఊపింది. చేతి గడియారం చూసుకుని, ఒంటిగంట అని ఒక వేలు ఎత్తి చూపించింది.

ఆ రోజు వాన లేదు, చలి మాత్రం కొరుకుతోంది. వెళ్ళిపోండి, పిల్లలు గడ్డకట్టిపోతారు అని చేత్తో సైగ చేశాను. తను వినలేదు. చరిత రెండు మందపాటి దుప్పట్లు తీసుకెళ్ళి గేటు దగ్గర పెట్టి పరిగెత్తుకొచ్చింది. నవాల్ ఒకటి పిల్లలిద్దరికీ కప్పి, రెండోది భుజాల చుట్టూ లాక్కుని, మా ప్రహరీ గోడ మీద మేడగది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒంటిగంట దాకా అక్కణ్ణించి కదల్లేదు.